పగులు కనిపెట్టడం ఎవరి పని?

1993లో అమెరికాలోని ఆల్బుకర్కీ దగ్గర, రియో గ్రాండే నది మీది పాత హైవే వంతెన ఒకటి కూల్చివేతకు సిద్ధమైంది. కూల్చేలోపు దాన్ని పరిశోధకుల చేతికిచ్చారు. లాస్ అలమోస్ ప్రయోగశాల నుంచి వచ్చిన బృందం ఆ వంతెన ఉక్కు గర్డర్లలో ఒకదాన్ని గ్యాస్ కట్టర్‌తో నాలుగు దఫాలుగా కోసుకుంటూ పోయింది. ఒక్కో కోత అయ్యాక వంతెనను ఊపడం, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో కొలవడం. దెబ్బ తగిలిన కొద్దీ వంతెన బిగువు తగ్గాలి, బిగువు తగ్గితే ఊపు నెమ్మదించాలి. లెక్క అదీ. జరిగింది మాత్రం వేరు. కోతకు ముందు 2.48 హెర్ట్జ్ ఉన్న మొదటి పౌనఃపున్యం, తొలి రెండు కోతల తర్వాత తగ్గకపోగా 2.52కి పెరిగింది. మూడో కోతకు 2.46. గర్డరు నడుము దాకా చీలి, అడుగు పట్టీ మొత్తం తెగిపోయాక గానీ అంకె 2.30కి దిగలేదు. ఆ స్థితికి వచ్చిన గర్డరును చూసి చెప్పడానికి యంత్రం అక్కర్లేదు, కింద నిలబడి తలెత్తినవాడికి కనిపిస్తుంది.

ఈ ప్రయోగాన్ని ఈ రంగాన్ని ఎద్దేవా చేసేవాళ్లూ చెబుతారు, సమర్థించేవాళ్లూ చెబుతారు. యంత్రానికి చేతకాదని ఆనాడే తేలిపోయిందని మొదటివాళ్ల వాదన. తనకు ఎక్కడ చేతకాదో తానే కోసి చూసుకుని, అచ్చువేసి చెప్పుకున్న శాస్త్రాన్ని నమ్మొచ్చని రెండోవాళ్ల వాదన. రెండింట్లోనూ పస ఉంది. వంతెనలు, డ్యాములు, రైలు పట్టాలు, విమానాలు ఎక్కడ దెబ్బతింటున్నాయో ముందుగా పసిగట్టే ఈ పనిని ఇంజనీర్లు స్ట్రక్చరల్ హెల్త్ మానిటరింగ్ అంటున్నారు. ఏ వంతెన కూలినా మర్నాటి చర్చల్లో "సెన్సర్లు పెట్టి ఉంటేనా" అన్న మాట తప్పకుండా వస్తుంది. ఆ మాటకు ఎంత విలువ ఇవ్వాలో తీరిగ్గా తూచి చూడాల్సిన అవసరం మనకూ ఉంది.

మూలంలో ఉన్న ఆలోచన పాతదే. కుండ కొనేముందు వేలి కణుపుతో కొట్టి చూస్తాం. ఖంగుమంటే తీసుకుంటాం, మొద్దుగా పలికితే పక్కన పెడతాం. స్టేషన్లో ఆగిన రైలు చక్రాల మీద సుత్తితో కొట్టి చెవి పెట్టి విన్న తరానిదీ అదే విద్య. అయితే కుండ ఒకే ముక్క, చేతిలో ఇమిడేంతది, కొనేవాడు దాన్ని నీడన నిలబడి కొడతాడు. వంతెన వందల ముక్కల అతుకు. దాని మీద లారీలు పోతుంటాయి, గాలి వీస్తుంది, ఎండ కాస్తుంది. ఇవన్నీ దాని పలుకును మారుస్తాయి.

ఎంత మారుస్తాయన్నది కూడా కొలిచారు. న్యూ మెక్సికోలోని అలమోసా కాన్యన్ వంతెనను ఒక రాత్రీ పగలూ విడవకుండా పరీక్షిస్తే, ఎక్కడా ఏ దెబ్బా లేకుండానే, ఉష్ణోగ్రత తేడాల వల్ల మొదటి పౌనఃపున్యం 5 శాతం దాకా అటూ ఇటూ అయింది. ఆల్బుకర్కీలో గర్డరు అడుగంతా తెగితే వచ్చిన తేడా సుమారు 7 శాతం. ఈ రెండంకెల్నీ పక్కపక్కన పెడితే సమస్య మొత్తం అర్థమైపోతుంది. ఎండ చేసే అల్లరికీ, పగులు చేసే చెరుపుకీ మధ్య దూరం అంతే. రెంటచింతల ఎండలో ఉన్న ఉక్కు వంతెన మే నెలలో ఒక మాట, డిసెంబరు తెల్లవారుజామున ఒక మాట చెబుతుందనుకోవాలి.

ఇక్కడితో ఆపేస్తే మాత్రం పరిశోధకులకు అన్యాయం చేసినట్టే. స్విట్జర్లాండ్‌లో జెడ్24 అనే కాంక్రీటు వంతెన ఉండేది. 1963లో కట్టారు, 1998లో కూల్చారు. కూల్చేముందు బెల్జియంలోని లూవెన్ విశ్వవిద్యాలయం వాళ్లు దాదాపు ఏడాది పాటు దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. గాలి వేడి, నేల వేడి, తేమ, గాలి వేగం, ఊపు, అన్నీ గంట గంటకూ నమోదు. చలి సున్నా డిగ్రీల కిందికి పోగానే పౌనఃపున్యాలు ఉన్నట్టుండి పెరిగాయి. రోడ్డు మీది తారు గట్టిపడి వంతెనకు అదనపు బిగువు ఇచ్చిందన్నమాట. ఈ సంబంధాన్ని లెక్కకట్టి పక్కకు తీసేశాక, తర్వాత కావాలని చేసిన దెబ్బలు, అంటే ఒక స్తంభాన్ని కొద్దికొద్దిగా కిందికి దించడం లాంటివి, లెక్కల్లో తేటగా బయటపడ్డాయి. ఓపికతో ఏడాది పొడుగునా వింటే వంతెన చెప్పేది అర్థమవుతుందని జెడ్24 నిరూపించింది. ఇప్పటికీ ఈ రంగంలో కొత్తగా ఎవరు లెక్క కట్టినా ముందు జెడ్24 డేటా మీద పరీక్షించుకుంటారు. పాతికేళ్లు దాటాక కూడా ఒకే వంతెన దగ్గరికి అందరూ వెళ్లాల్సి రావడం మాత్రం నాకు కొంచెం ఇబ్బందిగానే తోస్తుంది. బతికి ఉన్న వంతెనను కోసి చూడనివ్వరు. కూలిన వంతెన మీద అంతకుముందు సెన్సర్లుండవు. కాబట్టి దెబ్బతిన్న నిర్మాణం ఎలా పలుకుతుందో కంప్యూటరుకు నేర్పడానికి పాఠాలు తక్కువ. ఇవాళ మెషిన్ లెర్నింగ్ పేరుతో వస్తున్న వ్యాసాల్లో చాలావాటికి ఆధారం ప్రయోగశాలలోని చిన్న నమూనాలూ, కంప్యూటర్లోనే కట్టి కంప్యూటర్లోనే పగలగొట్టిన వంతెనలూ.

ఈ రంగంలో పెద్దవాళ్లు కూడా ఈ పరిమితుల్ని దాచుకోలేదు. 1993లో అండర్స్ రిట్టర్ అనే డెన్మార్క్ పరిశోధకుడు ఈ పనిని నాలుగు మెట్లుగా విడదీశాడు: దెబ్బ ఉందా, ఎక్కడుంది, ఎంతుంది, ఇంకెన్నాళ్లు ఆగుతుంది. మొదటి మెట్టు ఎక్కినవాళ్లు చాలామంది, నాలుగోదాని మీద నిలబడ్డవాళ్లు బహు తక్కువ. వంతెన నడిపే అధికారికి కావాల్సింది మాత్రం ఆ నాలుగో జవాబే. చార్లెస్ ఫరార్, కీత్ వార్డెన్ అనే ఇద్దరు దిగ్గజాలు తమ రంగానికి మూల సూత్రాలు రాసినప్పుడు, సెన్సర్ దెబ్బను కొలవలేదన్నది వాటిలో ఒకటిగా చేర్చారు. సెన్సర్ కొలిచేది సాగుడు, ఊపు, వేడి. అందులోంచి దెబ్బను ఊహించాల్సింది మనిషో, మనిషి రాసిన లెక్కో. రెండు స్థితుల్ని పోల్చకుండా దెబ్బను తేల్చలేమన్నది ఇంకో సూత్రం. నిన్నటితో పోలిస్తే ఇవాళ ఏం మారిందన్నదే ప్రశ్న.

ఆ సూత్రానికి ఉన్న పరిమితిని మినియాపొలిస్ చూపించింది. 2007 ఆగస్టు 1న మిసిసిపీ నది మీది ఐ-35డబ్ల్యూ వంతెన సాయంత్రం రద్దీలో కూలి 13 మంది చనిపోయారు. విచారణలో తేలింది ఏమిటంటే, ఉక్కు కడ్డీలను ఒకచోట కలిపి పట్టుకునే గసెట్ ప్లేట్లు కొన్నిచోట్ల డిజైన్లోనే ఉండాల్సిన దాంట్లో సగం మందంతో ఉన్నాయి. 1967లో తెరిచిన నాటి నుంచీ అంతే. పుట్టుకతో వచ్చిన లోపం అది. నిన్నటికీ ఇవాళ్టికీ పోలిక చూసే ఏ యంత్రమైనా దాన్ని ఆరోగ్యం కిందే జమకట్టేది. అలాగని మనిషి కన్ను గెలిచిందా అంటే అదీ లేదు. ఆ ప్లేట్లలో కొన్ని వంగి ఉన్నట్టు 2003 నాటి ఫోటోల్లోనే కనిపిస్తోంది. ఫోటోలు తీశారు, ఫైల్లో పెట్టారు. వంతెన కూలిన రోజున మరమ్మతుల కోసం దాని మీద ఇసుక, కంకర, యంత్రాలు పోగుపెట్టారు. దాని స్థానంలో 2008లో తెరిచిన కొత్త కాంక్రీటు వంతెనలో మూడొందలకు పైగా సెన్సర్లు అమర్చారు. పరిశోధన కోణంలో మంచి పనే, పుట్టిన రోజు నుంచీ చరిత్ర దొరుకుతుంది. కానీ ఊళ్లో అందరికన్నా ఆరోగ్యంగా ఉన్నవాడి మంచం పక్కన నర్సును కూర్చోబెట్టి, ముసలివాళ్లను ఇంటికి పంపినట్టు కూడా ఉందనిపించక మానదు.

ఇప్పుడు రెండో పక్షం. తాళ్లు కట్టుకుని దిగే మనిషి, సుత్తి, టార్చిలైటు, నోటుపుస్తకం. ఈ పద్ధతిని పొగిడేవాళ్లు దాని లెక్కలు కూడా చూడాలి. 2001లో అమెరికా ఫెడరల్ హైవే సంస్థ 49 మంది అనుభవమున్న తనిఖీదారుల్ని తీసుకెళ్లి ఒకే వంతెనల్ని విడివిడిగా చూపించింది. 0 నుంచి 9 దాకా మార్కులు వెయ్యమంది. ఒకే భాగానికి సగటున నాలుగైదు రకాల మార్కులు పడ్డాయి. ఒకరికి 'బాగుంది' అనిపించింది మరొకరికి 'పరవాలేదు', ఇంకొకరికి 'బాగోలేదు'. వెల్డింగ్ అతుకుల దగ్గరుండే సన్నని పగుళ్లను పట్టడంలో ఫలితాలు మరీ నిరుత్సాహంగా వచ్చాయి. ఎత్తంటే భయం, తొందర, వెలుతురు చాలకపోవడం, ఇలాంటివన్నీ మార్కుల్ని మార్చేశాయి. మనిషి కన్నుకీ తన ఎండా చలీ ఉన్నాయి.

కన్ను ఎంత మంచిదైనా అందని చోట్లున్నాయి. ఒహాయో నది మీది సిల్వర్ బ్రిడ్జి 1967 డిసెంబరు 15న కూలి 46 మంది చనిపోయారు. 1928లో కట్టిన ఆ వంతెనను మోసింది చెవికమ్మీల గొలుసు, అంటే చివర్లలో పిన్ను పట్టే చెవి లాంటి రంధ్రమున్న ఉక్కు కమ్మీల వరస. ఒక్కో లంకెలో రెండే కమ్మీలు. వాటిలో ఒకదాని చెవిలో, పిన్ను వెనకాల, సుమారు రెండున్నర మిల్లీమీటర్ల లోతున్న పగులు పెరిగి పెళుసుగా విరిగిపోయింది. ఆ జాగా కంటికి కనపడాలంటే వంతెనను విప్పాలి. అమెరికాలో వంతెనల తనిఖీకి దేశమంతటికీ ఒకే నియమావళి వచ్చింది ఆ ప్రమాదం తర్వాతే. ఆ నియమావళి ప్రకారం వెళ్లిన తనిఖీదారు అయినా ఆ పగులును చూడగలిగేవాడు కాడు. పరిశోధనకు అన్నిటికన్నా బలమైన సాక్ష్యం ఇదే. లోహం లోపలికి శబ్దతరంగాల్ని పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వినే అల్ట్రాసోనిక్ పరీక్ష, తీగ తెగినప్పుడు వచ్చే టప్పుమనే శబ్దాన్ని పట్టే అకౌస్టిక్ ఎమిషన్, ఇవన్నీ కన్ను చేరని చోటుకు చేరడం కోసం పుట్టినవే.

జెనోవాలోని మొరాండీ వంతెన కథ ఇంకా చిక్కుది. 2018 ఆగస్టు 14న వానలో కూలింది. 43 మంది పోయారు. దాని ఉక్కు తీగల్ని కాంక్రీటు తొడుగులో దాచి కట్టారు కాబట్టి, లోపల తుప్పు ఎంత పట్టిందో బయటివాడికి తెలియదు. కూలడానికి ముందు ఏడాది, 2017లో, మిలాన్ పాలిటెక్నిక్ వాళ్లు కంపనాలు కొలిచి, 9వ స్తంభం దగ్గరి తొడుగు తీగల ప్రవర్తన తేడాగా ఉందనీ, ఇంకా లోతుగా చూడాలనీ నివేదిక ఇచ్చారు. కూలింది ఆ 9వ స్తంభమే. ఊపు కొలిచే విద్యను ఆల్బుకర్కీతో కొట్టిపారేసేవాళ్లకు ఇది గట్టి జవాబు. అదే ప్రమాదం తర్వాత, ఉపగ్రహ రాడార్ చిత్రాల్లో వంతెన ముందే కుంగడం కనిపించిందని ఒక బృందం ప్రకటించింది. ఆ డేటాలోంచి అలాంటి నిర్ణయానికి రాలేమని మరో బృందం ఖండించింది. జరిగిపోయాక వెనక్కి చూసి "అదిగో కనిపిస్తోంది" అనడం తేలిక. ఈ రంగంలో వచ్చే వాగ్దానాల్లో ముందు చెప్పినవేవో, తర్వాత చెప్పినవేవో వేరు చేసి చూస్తే చాలా పొల్లు ఎగిరిపోతుంది.

రెండు పక్షాలూ ఒకే వంతెన మీద ఎదురెదురు పడ్డ సందర్భం స్కాట్లాండ్‌లోని ఫోర్త్ రోడ్ బ్రిడ్జి. 1964లో తెరిచిన వేలాడే వంతెన. 2004లో మొదటిసారి ప్రధాన కేబుల్ చుట్టను విప్పి చూస్తే లోపలి తీగలు తుప్పు పట్టి, తెగి ఉన్నాయి. కేబుల్ బలం 8 నుంచి 10 శాతం తగ్గినట్టు అంచనా వేశారు. ఇక తీగ తెగితే చాలు వినిపించేలా 2006లో అకౌస్టిక్ సెన్సర్లు అమర్చారు, కేబుల్ లోపలికి పొడి గాలి పంపి తుప్పును నెమ్మదింపజేశారు. ఈ పని పేరు పెట్టడానికి వీల్లేనంత బాగా సాగింది. జబ్బు తెలుసు, చోటు తెలుసు, వినాల్సిన శబ్దం తెలుసు. కానీ 2015 డిసెంబరులో ఆ వంతెనను మూసేయాల్సి వచ్చింది కేబుల్ వల్ల కాదు. టవరు దగ్గర డెక్కును పట్టి ఉంచే ఒక లింకులో పిన్ను బిగుసుకుపోయి, పట్టీ పగిలింది. అక్కడ సెన్సర్ లేదు. మామూలు తనిఖీకి వెళ్లిన మనుషులు చూశారు, చెప్పారు, మూడు రోజుల్లో వంతెన మూతపడింది, క్రిస్మస్‌కి రెండు రోజుల ముందు కార్లకు తెరిచారు. ఎవరూ చనిపోలేదు కాబట్టి ఇది మన దాకా వార్తగా రాలేదు. నాకైతే ఈ రంగం మొత్తంలో ఇంతకన్నా బోధించే కథ మరోటి కనిపించదు. సెన్సర్ మనం ఎక్కడ అనుమానించామో అక్కడ కాపలా కాస్తుంది. మనకు తట్టని చోటు దాకా వెళ్లేది నడిచే కాళ్లూ, చూసే కళ్లే.

ఆ కళ్లకీ పూచీ లేదని మెంఫిస్ చెబుతోంది. 2021 మే 11న మిసిసిపీ మీది హెర్నాండో డి సోటో వంతెనకు తాళ్లతో ఎక్కిన ఇంజనీర్లకు ఒక ప్రధాన ఉక్కు దూలం అడ్డంగా చీలి కనిపించింది. అక్కడి నుంచే అత్యవసర నంబరుకు ఫోన్ చేసి రోడ్డు మీద బండ్లు ఆపించారు, నది మీద పడవలూ ఆగాయి. తర్వాత పాత రికార్డులు తిరగేస్తే, 2019లో డ్రోన్ తీసిన వీడియోలోనే ఆ పగులు ఉంది. 2016లో కింద పడవలో పోతూ ఎవరో తీసిన ఫోటోలోనూ ఉంది. యంత్రం చూసింది, బొమ్మ తీసింది, భద్రపరిచింది. ఆ వీడియోను కూర్చుని చూసేవాడు లేడు. డ్రోన్లతో తనిఖీ చేయిస్తున్నామని ప్రకటించే ప్రతి శాఖనూ అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఆ గంటల కొద్దీ దృశ్యాల్ని చూసేది ఎవరు, ఎప్పటిలోగా?

మన నేల మీదికి వస్తే, తుంగభద్ర గుర్తొస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి హోస్పేట దగ్గరి డ్యాంలో 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. డ్యాం ఉన్నది కర్ణాటకలో అయినా ఆ నీటి మీద ఆశ పెట్టుకున్నది అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ రైతులు కూడా. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు పారే నీటిలోనే స్టాప్‌లాగ్‌లు (తాత్కాలిక అడ్డుపలకలు) దించి వారం రోజుల్లో ఖాళీ మూయించారు. ఆయన పేరు అప్పుడు ఇంటింటా వినిపించింది. ఆ డ్యాంలో అలాంటి గేట్లు 33. ఇది సిల్వర్ బ్రిడ్జి జాతి సమస్య: ఒక గొలుసు, దానికి తోడు మరో దారి లేదు. ఇలాంటి చోట పెద్ద పరిశోధన కన్నా చేతిలో పట్టుకుని లోహం మందం కొలిచే అల్ట్రాసోనిక్ పరికరం ఎక్కువ పని చేస్తుంది. గేటు పలకలు, గొలుసు లంకెలు, ఏడాదికోసారి అదే చోట అదే కొలత. గేటు పోయాకే మిగిలినవాటికి అలాంటి పరీక్షలు జరిగాయి. మొత్తం గేట్లన్నీ మార్చాలని నిపుణులు తేల్చారు. ఆ కొలతలకు అత్యాధునికమైనది ఏదీ అక్కర్లేదు. చాలా ఏళ్ల క్రితమే తీసి ఉండొచ్చు.

అన్ని చావులకీ పగుళ్లే కారణం కాదన్నదీ గుర్తుంచుకోవాలి. 2005 అక్టోబరు 29న నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర డెల్టా ప్యాసింజర్ బోల్తా పడి వందమందికి పైగా చనిపోయారు. చెరువు తెగిన నీరు చిన్న వంతెనను, కట్టను కోసేసింది. ఆ వంతెన ఇనుముకు సాగుడు కొలిచే స్ట్రెయిన్ గేజీలు ఎన్ని అతికించినా ఆ రాత్రికి ముందు అవి ఏమీ చెప్పేవి కావు. అక్కడ కావాల్సింది నీటి మట్టం చెప్పే గేజీ, ఎగువన చెరువు కట్టను చూసే మనిషి, ఆ రెంటి నుంచీ స్టేషన్ మాస్టరుకు ఒక కబురు. రైల్వేలు తర్వాత కాలంలో కొన్ని వంతెనలకు నీటి మట్టం కొలిచే పరికరాలు పెట్టాయి. ఆడంబరం లేని ఆ పరికరం, నా లెక్కలో, ఈ రంగంలో పెట్టే ఖర్చులో మొదటి వరుసలో ఉండాలి.

డబ్బు సంగతి ఎత్తకుండా తూకం పూర్తి కాదు. వంతెన వందేళ్లు నిలవాలని కడతాం. దాని మీద పెట్టిన సెన్సర్ అంత కాలం ఉండదు. వైర్లు తెగుతాయి, బ్యాటరీలు దిగిపోతాయి, ఎలుకలు కొరుకుతాయి, రాగి తీగను ఎవడో కోసుకుపోతాడు. పరిశోధన ప్రాజెక్టు గడువు తీరాక, థీసిస్ సమర్పించిన విద్యార్థి ఉద్యోగానికి వెళ్లాక, ఆ డబ్బాకు కరెంటు బిల్లు ఎవరు కడతారన్నది టెండరు కాగితంలో ఉండదు. దీనికి తోడు తప్పుడు హెచ్చరికలు. నెలకు మూడుసార్లు ఊరికే మోగే గంటను నాలుగో నెల ఎవరూ పట్టించుకోరు. ఒకసారి ఊరికే మూసిన వంతెనకు చుట్టూ తిరిగిన అంబులెన్సుల ఖర్చు కూడా ఎక్కడో రాయాల్సిందే. మరోవైపు, సెన్సర్ల ఖర్చును కొత్త వంతెన ఖర్చుతో పోలిస్తే చాలా చిన్నది. ఒక పాత వంతెనను ఇంకో పదేళ్లు ధైర్యంగా నడపొచ్చని చెప్పగలిగితే అది మిగిల్చే డబ్బు పెట్టినదానికి ఎన్నో రెట్లు. పరిశోధకుల ఈ వాదనను నేను కొట్టిపారేయలేను. వేల కొద్దీ వంతెనలున్న దేశంలో అన్నిటినీ ఒకేసారి మార్చడం ఎవరి తరమూ కాదు. ఏది ముందు కూలుతుందో, ఏది ఆగుతుందో వేరు చేసే విద్య ఏదైనా కావాల్సిందే.

ఇన్ని ఉదాహరణలు వరుసగా చూశాక నాకు తోచేది ఇది. కన్నా యంత్రమా అన్న తగాదాలో ఇద్దరూ తమ బలాన్ని కాస్త ఎక్కువ చేసి చెబుతున్నారు, నిజమైన లోపం మాత్రం ఎక్కువసార్లు ఇద్దరి తర్వాత ఉంది. మినియాపొలిస్‌లో ఫోటో ఉంది. మెంఫిస్‌లో వీడియో ఉంది. జెనోవాలో నివేదిక ఉంది. ఇంగ్లండ్‌లోని హ్యాట్‌ఫీల్డ్ దగ్గర 2000 అక్టోబరు 17న రైలు పట్టా ముక్కలై నలుగురు చనిపోయినప్పుడు, ఆ పట్టా పగుళ్ల సంగతి నెలల ముందే తెలుసు, దాని స్థానంలో వేయాల్సిన కొత్త పట్టా కూడా తెచ్చి పక్కనే పెట్టారు. గుజరాత్‌లో మహీ నది మీది గంభీరా వంతెన 2025 జూలై 9న కూలినప్పుడూ, దాని పరిస్థితి బాగోలేదని స్థానికులు ముందే మొరపెట్టుకున్నట్టు వార్తలొచ్చాయి. వీటిలో ఏ ఒక్కదాన్నీ "కనిపెట్టలేకపోయాం" అన్న ఖాతాలో వెయ్యలేం. సిల్వర్ బ్రిడ్జి ఒక్కటే ఆ ఖాతాలోకి నిజాయితీగా వెళుతుంది. అందుకే పరిశోధన సొమ్మును అలాంటి చోట్ల పెట్టాలంటాను: తోడు లేని గొలుసులు, కాంక్రీటు లోపల దాగిన తీగలు, నీటి అడుగున స్తంభాల కింద కొట్టుకుపోయే మట్టి. వంతెన మొత్తాన్ని ఊపి అంతా తెలుసుకుంటామనే కలకు కాస్త తక్కువ, తెలిసిన జబ్బుకు తెలిసిన చోట కాపలాకు కాస్త ఎక్కువ.

ఆ కాపలా ఫలించాలంటే మరోటి కావాలి, అది ఏ ప్రయోగశాలలోనూ తయారు కాదు. మన రైల్వేలో కీమ్యాన్ జీతం దృష్ట్యా చూస్తే చిన్న ఉద్యోగి. రోజూ తన పరిధిలో పట్టా పొడుగునా నడుస్తాడు, వదులైన కీలు బిగిస్తాడు. పట్టా విరిగి కనిపిస్తే ఎర్రజెండా చూపి, పట్టా మీద డిటోనేటర్లు పెట్టి, ఎంత పెద్ద ఎక్స్‌ప్రెస్‌నైనా ఆపే అధికారం అతనికుంది. ఆపమని నియమమే చెబుతుంది. ఆపడానికి ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. రోడ్డు వంతెన కింద పగులు చూసిన జూనియర్ ఇంజనీరుకు అలాంటి ఎర్రజెండా చేతిలో ఉండటం అరుదు. అతని ఫైలు పైకి పోతుంది, అంచనా వస్తుంది, నిధుల కోసం మళ్లీ పైకి పోతుంది. ఈలోగా బస్సులు తిరుగుతుంటాయి.

పాత పంబన్ వంతెన మీద యంత్రానికి ఇలాంటి జెండా ఇచ్చి చూశారు. 1914లో తెరిచిన ఆ రైలు వంతెనను సముద్రపు ఉప్పుగాలి వందేళ్లు తిన్నది. పడవలకు దారి ఇవ్వడానికి తెరుచుకునే షెర్జర్ భాగం దాని బలహీనత అని అందరికీ తెలుసు. మద్రాసు ఐఐటీ వాళ్లు అక్కడ సెన్సర్లు పెట్టారు. 2022 డిసెంబరులో ఆ భాగం కంపనాలు హద్దు దాటినట్టు హెచ్చరిక రాగానే రైళ్లు ఆపేశారు. మళ్లీ ఆ వంతెన మీద రైలు నడపలేదు. పక్కనే కట్టిన కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో మొదలైంది. రెండేళ్లకు పైగా రామేశ్వరానికి రైల్లేదు, యాత్రికులు మండపంలో దిగి బస్సులెక్కారు. వ్యాపారాలు దెబ్బతిన్నాయి, జనం విసుక్కున్నారు. ఆ హెచ్చరిక ఎంతవరకు అవసరమో ఇప్పుడు ఎవరూ రుజువు చెయ్యలేరు, కూలనిదాన్ని ఎలా లెక్కపెడతాం? అయినా రైళ్లు ఆగాయి. ఇకమీదట ఏ వంతెనకు సెన్సర్లు కొన్నా, ఏ అంకె దాటితే ఆపాలో, ఆపే మనిషి హోదా ఏమిటో, ఆ మనిషి సెలవులో ఉంటే బదులు ఎవరో, టెండరు మొదటి పేజీలోనే రాయించాలి. సెన్సర్ల సంఖ్య రెండో పేజీలో రాసుకోవచ్చు.